గ్యాస్ అనే ముందు ఒక ఈసీజీ తీయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పేపర్లో గుండె పరీక్షల ప్యాకేజీ ప్రకటన ఒకటి పేజీ నిండా వచ్చింది. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ, రక్తపరీక్షలు అన్నీ కలిపి పండగ ఆఫర్ అని. అదే రోజు జిల్లా పేజీలో కింద మూలన నాలుగు లైన్ల వార్త కూడా ఉంది, నలభై ఏళ్లు కూడా నిండని మనిషి రాత్రి ఛాతీలో మంట అన్నాడట, గ్యాస్ మాత్ర వేసుకుని పడుకున్నాడట, తెల్లారి లేవలేదు. ఈ రెండూ ఒకే పూట చదివాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఏ బాధా లేనివాళ్లు వేలు పెట్టి పరీక్షల కోసం లైన్లో నిలబడుతున్నారు, నొప్పితో విలవిల్లాడేవాడికి మాత్రం రెండు మూడు వందల రూపాయల ఈసీజీ తీసేవాళ్లు లేరు. నా బాధంతా ఇదే.

నేను డాక్టర్ని కాను. ఒక ప్రభుత్వ ఏరియా ఆస్పత్రిలో 29 ఏళ్లు ఈసీజీ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎన్ని వేలమంది ఛాతీ మీద లీడ్లు (ఒంటికి అంటించే ఈసీజీ మిషన్ తీగలు) పెట్టానో లెక్కలేదు. మందుల గురించి చెప్పేంత చదువు నాకు లేదు, కానీ ఈ పరీక్షలు ఎప్పుడు ప్రాణం నిలబెడతాయో, ఎప్పుడు అనవసరమైన టెన్షన్ పెడతాయో, ఎప్పుడు లేని ధైర్యమిచ్చి ముంచుతాయో కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఈ 'గ్యాస్' సంగతి చెప్పాలి. మన ఇళ్లల్లో ఛాతీలో ఏం జరిగినా మొదట వచ్చే మాట గ్యాసే. వాము నమలమంటారు, సోడా తాగమంటారు, మెడికల్ షాపులో అడిగి మాత్ర తెస్తారు. దీనికి ఒక కారణం లేకపోలేదు. గుండె కింది భాగం సరిగ్గా పొట్ట మీద, మధ్యలో ఒక పల్చటి కండరం పొర అడ్డుగా, ఆనుకుని ఉంటుంది. ఆ కింది భాగానికి రక్తం ఇచ్చే నాళం మూసుకుపోతే నొప్పి కొందరికి ఛాతీలో కాదు, పొట్ట పైభాగంలో వస్తుంది, వాంతి అవుతుంది, తేన్పులు వస్తాయి, చెమటలు పోస్తాయి. తిన్నది పడలేదని రోగీ అనుకుంటాడు, ఇంట్లోవాళ్లూ అనుకుంటారు, వీధి చివర ఆర్‌ఎంపీ కూడా అదే అంటాడు. షుగర్ ఉన్నవాళ్లకైతే కొందరికి నొప్పే తెలియదు, ఉత్త ఆయాసం, నీరసం. ఆడవాళ్లలో కొందరు 'వెన్నులో పట్టేసింది, దవడ లాగుతోంది, ఏం చేయబుద్ధి కావట్లేదు' అంటూ వస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ చేశాక కాస్త తగ్గిందంటే అది గుండె కాదని రుజువైనట్టు కూడా కాదు, గుండెనొప్పి దానంతట అది తగ్గి మళ్లీ వచ్చే రకం కూడా ఉంది. అంటే మనిషిని చూసి, నొప్పి ఎక్కడో అడిగి, ఇది గ్యాసో గుండెనో ఎవరూ చెప్పలేరు. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా అందుకే ముందు ఈసీజీ అంటాడు. ఛాతీ నొప్పితో ఎవరొచ్చినా వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూడాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. పది నిమిషాలు! మన ఊళ్లల్లో ఓపీ చీటీ రాయించుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. కిందటేడు కనుమ రోజు. మా తమ్ముడికి 47 ఏళ్లు, వ్యవసాయం, ఒంట్లో బీపీ తప్ప ఏ జబ్బూ లేదు. మధ్యాహ్నం మాంసం కూర, గారెలు తిన్నారు, రాత్రి తొమ్మిది గంటలకి గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడట. పండగ భోజనం కదా, అందరూ గ్యాసే అనుకున్నారు. నేనప్పుడు హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పదిన్నరకి మా మరదలు ఫోన్ చేసి 'వదినగారూ, ఆయనకి గుండెల్లో మంట తగ్గట్లేదు, ఏం చేయమంటారు' అంటే ఈసీజీ తీసే చోటికి తీసుకెళ్లమన్నాను. టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లారు, తీశారు. నార్మల్ అన్నారు, గ్యాస్ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేశారు. నాకు ఫోన్లో ఆ కాగితం ఫొటో పెట్టారు. నిజంగానే అందులో పెద్దగా ఏమీ లేదు. 'అరగంట ఆగి ఇంకోటి తీయించారా' అని అడిగాను. 'నార్మల్ అన్నారుగా అక్కా, ఇప్పుడు పర్లేదు, పడుకుంటా' అన్నాడు వాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. 29 ఏళ్లు అదే పనిలో ఉండి కూడా, నా తమ్ముడి విషయంలో 'నార్మల్' అన్న మాట వినాలనిపించింది, విన్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకి మళ్లీ నొప్పి, బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. 108లో ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ తీసిన ఈసీజీలో గీత మామూలుగా దిగాల్సిన చోట దిగకుండా సమాధిరాయిలా పైకి లేచి ఉంది. మేం అలాంటి గీత చూస్తే పరుగెత్తుకెళ్లి డాక్టర్ని పిలుస్తాం. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ చేశారు, మర్నాడు పెద్దాస్పత్రిలో యాంజియోగ్రామ్ (నాళాల్లో అడ్డం ఎక్కడుందో చూసే పరీక్ష) చేసి ఒక స్టెంట్ (నాళం తెరిచి ఉంచడానికి లోపల పెట్టే జాలీ గొట్టం) వేశారు. బతికాడు. కానీ ఎకోలో (శబ్దతరంగాలతో గుండెని చూసే పరీక్ష) గుండె పంపింగ్ 38 శాతం అని వచ్చింది. 55 పైన ఉండాల్సింది. ఆ రాత్రి పోయిన గంటల్లో చచ్చిపోయిన కండ మళ్లీ రాలేదు. ఇవాళ చేలో మోటారు వేయడానికి వెళ్తూ గట్టు మీద రెండుసార్లు ఆగుతాడు.

ఆ క్లినిక్ వాళ్లని తిట్టాలని రాయట్లేదు. వాళ్లు ఈసీజీ తీశారు, చాలామంది అదీ తీయరు. తప్పు ఎక్కడంటే, ఒక్క ఈసీజీ నార్మల్ అంటే గుండె నార్మల్ అనుకోవడంలో ఉంది. ఈసీజీ అంటే ఆ పది సెకన్లలో గుండెలో కరెంటు ఎలా పారుతోందో తీసిన బొమ్మ, అంతే. నాళంలో పేరుకున్న కొవ్వు మీది పొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డ కాసేపు మూసేస్తుంది, కాసేపు వదులుతుంది. వదిలిన సమయంలో తీస్తే బొమ్మ బాగానే ఉంటుంది. పైగా గుండె వెనక వైపు భాగాన్ని మామూలుగా తీసే ఈసీజీ సరిగా చూడలేదు, అనుమానం ఉంటే వీపు మీదికి లీడ్లు జరిపి తీయాలి. గుండె కింది భాగంలో గుండెపోటు వచ్చిందనుకుంటే కుడివైపు కూడా ఒకటి తీయాలి, ఎందుకంటే కుడి గది కూడా దెబ్బతిన్నవాళ్లకి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంట్లో ఎవరికో రాసిన ఆ మాత్ర తెచ్చి పక్కింటివాళ్లకి పెట్టే అలవాటు మనకుంది, దయచేసి అలా చేయొద్దు.

కాబట్టి నొప్పి ఉన్నంతసేపూ, పోయి మళ్లీ వచ్చినప్పుడూ, పావుగంటకో అరగంటకో ఒకసారి ఈసీజీ తీస్తూనే ఉండాలి. దానికి తోడు ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. గుండె కండ దెబ్బతింటే దానిలోంచి ఆ ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. అయితే అది కూడా వెంటనే రాదు, కొన్ని గంటలు పడుతుంది, నొప్పి మొదలైన గంటకే తీసి నెగెటివ్ అంటే ఉపయోగం లేదు. డాక్టరు చెప్పిన వ్యవధి తర్వాత రెండోసారి తీసి, పెరిగిందా లేదా చూడాలి. ఆ రెండో ఈసీజీ, రెండో రక్తపరీక్ష కోసం ఆ రాత్రి ఆస్పత్రి బల్ల మీద కూర్చోవడమే మనవాళ్లకి చేతకావట్లేదు. 'నార్మలేగా, ఇంటికి పోదాం' అంటారు.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఈసీజీ సరిగా రావాలంటే ఛాతీ మీద ఆరు లీడ్లు పెట్టాలి, ఏ పక్కటెముకల మధ్య ఏది పెట్టాలో వేలితో లెక్కపెట్టుకుని పెట్టాలి. ఒక ఎముక పైకో కిందకో జరిగితే గీత మారిపోతుంది. చేతుల లీడ్లు అటూ ఇటూ మార్చి పెడితే లేని జబ్బు కనపడుతుంది. మరి ఆడవాళ్ల సంగతేంటి? జాకెట్ హుక్కులు తీయాలి. టెక్నీషియన్ మగవాడైతే తీయరు. మొగుడో అత్తో పక్కన నిలబడి 'అవసరం లేదులెండి, పైపైన పెట్టండి' అంటారు. కర్టెన్ ఉండదు, తలుపుకి గడియ ఉండదు, వరండాలోంచి జనం తొంగి చూస్తుంటారు. ఆ టెక్నీషియన్ కూడా ఇబ్బందిపడి లీడ్లు ఎక్కడ కుదిరితే అక్కడ పెట్టి తీసేస్తాడు. అలాంటి ఈసీజీ తీసినా తీయనట్టే. నా సర్వీసంతా పక్క మండలాల నుంచి కూడా 'అక్కడ ఈసీజీకి ఆడమనిషి ఉందంట' అని అడుగుతూ వచ్చేవాళ్లు. ఒకసారి ఒక పెద్దావిడ, డెబ్భై దగ్గర ఉంటాయి, వేరే చోట రెండుసార్లు తీయించుకుని నరాల బలహీనత అని మందులు వాడుతూ నా దగ్గరికొచ్చింది. తలుపేసి, దుప్పటి కప్పి, చల్లగా ఉన్న చేతులు రుద్దుకుని, నెమ్మదిగా మాట్లాడుతూ ఆరు లీడ్లూ వాటి చోట పెట్టి తీస్తే పాత గుండెపోటు ఆనవాలు స్పష్టంగా వచ్చింది. 'నాకెప్పుడూ గుండెనొప్పి రాలేదమ్మా, ఆయాసమే' అంది. ఆమెకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. ప్రతి ఆస్పత్రిలో ఒక కర్టెన్, ఒక దుప్పటి, ఒక ఆడ టెక్నీషియన్ లేదా నేర్చుకున్న నర్సు. దీనికి కోట్లు అక్కర్లేదు కదండీ.

పాత ఈసీజీ కాగితాలు పారేయొద్దని కూడా మీ పేపర్ ద్వారా చెప్పండి. కొంతమందికి పుట్టుకతోనో, ఎప్పుడో బీపీ వల్లనో, గీతలో తేడా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కొత్త డాక్టరు చూస్తే ఇది ఇవాళ వచ్చిందా, పాతదా తెలియదు. పాతది పక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. మాకు ఒక లారీ డ్రైవర్ వచ్చేవాడు, లైసెన్సు, ఇన్సూరెన్సు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లోనే తన ఈసీజీ కూడా పెట్టుకునేవాడు. ఏ ఊళ్లో నొప్పి వచ్చినా అది తీసి చూపించేవాడు. కానీ ఒకటుంది, ఈసీజీ కాగితం బస్ టికెట్టు లాంటిది, వేడికి అచ్చు పడే కాగితం. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి, ముఖ్యంగా ప్లాస్టిక్ కవర్లో పెడితే, గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే జిరాక్స్ తీయించి తేదీ రాసి పెట్టుకోవాలి, ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపి ఉంచాలి. మా డ్రైవర్ కవర్లోది కూడా వెలిసిపోతే నేనే జిరాక్స్ తీయించి ఇచ్చాను.

ఈ మిషన్ ఇంత చిన్నగా, సంచీలో పట్టేంతగా అయిందంటే దాని వెనక వందేళ్ల కథ ఉంది. హాలండ్‌లో లైడెన్ ఊళ్లో ఐంథోవెన్ అనే డాక్టరు 1900ల మొదట్లో మొదటి మంచి ఈసీజీ మిషన్ చేసినప్పుడు అది రెండు వందల యాభై కిలోల పైన బరువుండేది, నడపడానికి ఐదుగురు కావాలి, రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూర్చునేవాడు. మిషన్ ప్రయోగశాలలో, రోగులు ఆస్పత్రిలో, మధ్య కిలోమీటరున్నర. రోగిని మోసుకురాలేక 1905లో ఆయన టెలిఫోన్ తీగ మీద గుండె గీతను పంపించాడు. ఆయనకి 1924లో నోబెల్ ఇచ్చారు. నూట ఇరవై ఏళ్ల కిందట రోగిని కదపకుండా గుండె గీత ఒక్కటే అంత దూరం వెళ్లింది. ఇప్పుడు ప్రతి జేబులో ఫోన్ ఉంది, ఈసీజీ ఫొటో పెద్ద డాక్టరుకి చేరడానికి అర నిమిషం పట్టదు. ఇంకా మనం రోగిని కారులో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతున్నాం.

ఆ దారిలో పని మొదలైంది కూడా, అది చెప్పకపోతే అన్యాయం. మన రాష్ట్రంలో 2023లో స్టెమీ అనే కార్యక్రమం మొదలుపెట్టారు, తెలంగాణలోనూ ఇలాంటిది ఉంది. చిన్న ఆస్పత్రిలో ఈసీజీ తీసి అక్కడినుంచే పెద్దాస్పత్రి గుండె డాక్టరుకి పంపుతారు, ఆయన చూసి పోటే అంటే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ చిన్న ఆస్పత్రిలోనే ఉచితంగా చేస్తారు. బయట కొంటే నలభై వేల రూపాయల దాకా అయ్యే ఇంజెక్షన్ అది. ఆ తర్వాత రోగిని పెద్దాస్పత్రికి యాంజియోగ్రామ్‌కి పంపుతారు. మా తమ్ముడు బతికింది ఈ పద్ధతి వల్లే. నొప్పి మొదలైన మొదటి రెండు మూడు గంటల్లో పడితే ఆ ఇంజెక్షన్ చాలా బాగా పనిచేస్తుంది, గంట గడిచేకొద్దీ పట్టు తగ్గుతుంది, పన్నెండు గంటలు దాటాక మామూలుగా ఇవ్వరు. కానీ ఎంతమందికి తెలుసు ఇది? మా వీధిలో పదిమందిని అడిగాను, ఒక్కరు కూడా విన్లేదు. ఛాతీ నొప్పి అనగానే అందరూ కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్ల అవతల కార్పొరేట్ ఆస్పత్రికే బయల్దేరతారు, దారిలో ఉన్న ప్రభుత్వాస్పత్రి గేటు ముందునుంచే వెళ్లిపోతారు. 108కి ఫోన్ చేసి, ఆ ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమని అడగొచ్చు కదా.

ఇక మిగతా పరీక్షల సంగతి. ఎకో గురించి నాకు చాలా గౌరవం. స్వీడన్‌లో 1953లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడలు కట్టేచోట ఇనుములో పగుళ్లు వెతికే శబ్దతరంగాల మిషన్ అరువు తెచ్చుకుని గుండె మీద పెట్టి చూశారు. ఇవాళ్టి ఎకో అక్కడినుంచి వచ్చిందే. రేడియేషన్ లేదు, సూది లేదు, కాస్త జెల్లీ రాసి చూస్తారు. గుండె గోడలో ఏ భాగం కదలట్లేదో, కవాటాలు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో, పంపింగ్ ఎంతో కళ్లకి కనపడుతుంది. కడుపుతో ఉన్న అమ్మాయిలు ఆయాసం అని వస్తే చాలాసార్లు రక్తం తక్కువ అని టానిక్ రాసి పంపేస్తారు. అందులో కొందరికి చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి కవాటం మూసుకుపోతూ ఉంటుంది, ఎకో చేస్తేనే తెలుస్తుంది. ముందే తెలిస్తే మూడు వారాలకో పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో ముదరకుండా ఆపొచ్చు, ముదిరినవాళ్లలో చాలామందికి ఛాతీ కోయకుండా బెలూన్‌తో కవాటం తెరవొచ్చు. అయితే ఎకో నాళాల్లో బ్లాకులు చూపించదు. 'ఎకో బాగుంది, ఇక గుండెపోటు రాదు' అనుకునేవాళ్లు ఎందరో. గోడ బాగా కదులుతున్నంత కాలం ఎకో బాగానే ఉంటుంది.

టీఎంటీ అంటే నడిచే బెల్టు మీద నడిపిస్తూ తీసే ఈసీజీ. మూడు నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచుతారు. దీని మీద జనానికి ఒక పెద్ద అపోహ ఉంది. 'పోయిన నెలే టీఎంటీ పాసయ్యాడండీ, ఎలా పోయాడు' అని ఏడ్చేవాళ్లని చూశాను. ఆ పరీక్ష పట్టేది రక్తం పారకుండా బాగా అడ్డుపడే పెద్ద బ్లాకుల్ని. నాళం సగం కూడా మూసుకోని చిన్న కొవ్వుపొర దీనికి దొరకదు, కానీ చాలా గుండెపోట్లు అలాంటి చిన్న పొర చిట్లడం వల్లే వస్తాయి. ఆడవాళ్లలో లేని జబ్బు ఉన్నట్టు చూపించడం కూడా దీనికి కాస్త ఎక్కువ. నొప్పి ఉన్న మనిషిని, కిందటి రాత్రే నొప్పి వచ్చి తగ్గిన మనిషిని, ఈసీజీ, రక్తపరీక్ష చూడకుండా బెల్టు ఎక్కించడం ప్రమాదం. ప్యాకేజీ పేరుతో వరసగా ఎక్కించేస్తుంటే నాకు భయమేస్తుంది.

సీటీ యాంజియో ఇప్పుడు మంచి పరీక్ష. చేతి నరంలో రంగుమందు ఎక్కించి స్కాన్ చేస్తే నాళాలు కనపడతాయి, ముందు కిడ్నీ కోసం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు, గుండె నెమ్మదిగా కొట్టుకోవడానికి మాత్ర ఇస్తారు. స్కాట్లండ్‌లో నాలుగు వేల పైచిలుకు మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది, ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి మామూలు పరీక్షలతో పాటు ఇది కూడా చేస్తే ఐదేళ్లలో గుండెపోట్లు, గుండెజబ్బు చావులు కలిపి తగ్గాయి. ఎందుకు తగ్గాయంటే, నాళంలో కొవ్వు ఉందని ముందే తెలిసినవాళ్లకి సరైన మందులు పడ్డాయి. ఇందులో గమనించాల్సింది, వాళ్లంతా ఏదో ఒక బాధతో వచ్చినవాళ్లు. ఏ బాధా లేని పాతికేళ్ల కుర్రాణ్ణి ప్యాకేజీలో పడుకోబెట్టి రేడియేషన్ ఇవ్వడం వేరు.

బ్లాక్ కనపడగానే స్టెంట్ వేయించుకోకపోతే చచ్చిపోతామన్న భయం కూడా చెప్పాలి. గుండెపోటు వచ్చిన వేళ స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అందులో రెండో మాట లేదు. కానీ పోటు రాకుండా, ఎక్కువ దూరం నడిస్తే వచ్చే నొప్పి మాత్రమే ఉన్న ఐదు వేల పైచిలుకు మందితో చేసిన పెద్ద అధ్యయనం ఫలితం 2019లో వచ్చింది. ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకీ, గట్టి మందులతో ఆగినవాళ్లకీ చావుల్లోనూ పోట్లలోనూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నొప్పి బాగా ఇబ్బందిపెట్టేవాళ్లకి స్టెంట్‌తో హాయి ఎక్కువ, అది నిజం. ఎడమ వైపు మొదట్లోనే ఉండే పెద్ద నాళంలో బ్లాకు ఉన్నవాళ్లని ఆ అధ్యయనంలో కలపలేదు, వాళ్ల దారి వేరు. నేను చెప్పేదల్లా, రిపోర్టు చేతికి రాగానే ఆ రాత్రే పొలం తాకట్టు పెట్టేయక్కర్లేదు, ఇంకో డాక్టరుకి చూపించుకునే టైము చాలామందికి ఉంటుంది. 2017లో కేంద్రం స్టెంట్ ధరకి గరిష్ఠ పరిమితి పెట్టింది. అంతకుముందు లక్ష దాటిన మందు పూత స్టెంట్ అప్పుడు ముప్పై వేల దగ్గరికి వచ్చింది. బిల్లులో స్టెంట్ రేటు విడిగా రాయించుకుని చూసుకోండి.

పోటు మధ్యలో ఉన్నవాడు గంటలు పారేసుకుంటున్నాడు, తొందర అక్కర్లేనివాడు రాత్రికి రాత్రి ఆస్తులు అమ్ముతున్నాడు. రెండూ నా కళ్లముందే జరిగాయి, ఒక్కోసారి ఒకే వారంలో.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఉన్నాయి. ప్రతి పీహెచ్‌సీలో పనిచేసే ఈసీజీ మిషన్, కాగితం రోల్ ఉండాలి. మిషన్ ఉండి రోల్ లేక మూలన పడి ఉండటం నేను స్వయంగా చూశాను, నా సొంత డబ్బుతో రోల్ కొన్న రోజులు కూడా ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఉండే నర్సులందరికీ ఈసీజీ తీయడం నేర్పాలి, పోటు ఉన్న గీత గుర్తుపట్టడం నేర్పాలి. అది నేర్పడానికి వారం చాలు, కావాలంటే నేనే వచ్చి నేర్పుతాను, జీతం అక్కర్లేదు. ఆర్‌ఎంపీలని తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి పల్లెటూళ్లో తలుపు తీసేది వాళ్లే. ఛాతీ నొప్పి, పొట్ట పైన నొప్పి, ఊరికే చెమటలు అని ఎవరొచ్చినా ఇంజెక్షన్ చేయకుండా 108కి ఫోన్ చేయాలని వాళ్లకి గట్టిగా చెప్పాలి.

మిమ్మల్ని అడిగేవి రెండు. ప్యాకేజీ ప్రకటన వేసుకోండి, మీకూ పేపరు నడవాలి, కానీ అదే పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి మీ జిల్లాలో స్టెమీ ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రుల పేర్లు ప్రతి ఆదివారం వేయండి. రెండోది, మీ విలేకర్ని ఒక రాత్రి పదకొండు తర్వాత ఏదైనా ఆస్పత్రికి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, పంపి ఒక్క ప్రశ్న అడగమనండి. 'ఇప్పుడు ఛాతీ నొప్పితో ఒక ఆడమనిషి వస్తే ఈసీజీ ఎవరు తీస్తారు?' ఏం జవాబొస్తే అది ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
రిటైరైన ఒక ఈసీజీ టెక్నీషియన్,
గుంటూరు జిల్లా